చెయ్యి చాచినంత దూరం

మా అత్త ఎవరినైనా కొట్టేముందు ఒంటి మీది రబ్బరు ఏప్రన్ విప్పి గోడకున్న కొక్కేనికి తగిలించేది. చేపల నెత్తురు వేరు, మనుషుల నెత్తురు వేరు, రెండూ కలపకూడదు అనేది. ఆ ఏప్రన్ కొక్కెం ఎక్కిందంటే చాలు, చేపల మార్కెట్టంతా నోరు మూసుకుని పక్కకి తప్పుకునేది. తప్పుకోనివాళ్ళు పళ్ళు ఏరుకునేవాళ్ళు. నేనేమీ గోరంతలు కొండంతలు చేసి చెప్పడం లేదు. ఐసు నీళ్ళు పారే కాలవలో వేలంపాట పాడేవాడి ముందుపన్ను కొట్టుకుపోవడం నా కళ్ళతో నేను చూశాను. అప్పటికి నేను ఆ ఇంటికి కొత్త కోడల్ని.

మార్కెట్లో ఆవిడకి పిడిగుద్దు అని పేరు. ఎదురుగా మాత్రం అందరూ పెద్దమ్మా అనేవాళ్ళు, బతుకు మీద తీపి ఉన్నవాళ్ళు కదా.

గేటు పక్కనున్న మొద్దు మా మామది. మొద్దంటే చేపలు కోసే చెక్కదిమ్మ. ఆయన పోయిన మర్నాడే ఆ చోటు పంచుకోడానికి మగాళ్ళు గుంపుగా వచ్చారట. అత్త చంటిపిల్లాణ్ణి ఖాళీ గంపలో పడుకోబెట్టి, మొగుడి కత్తి చేతిలోకి తీసుకుంది. వాళ్ళలో ఒకడు మొద్దు మీద అరచెయ్యి ఆనించి, "ఆడదాని వల్ల అయ్యే పనేనా ఇది" అని నవ్వాడు. కత్తి వచ్చి వాడి రెండు వేళ్ళ మధ్య దిగింది. వేళ్ళు వేళ్ళలాగే ఉన్నాయి గానీ, ఒక గోరు ఎగిరి ఎక్కడో పడింది. ఆ గాటు మొద్దు మీద ఇప్పటికీ ఉంది. దాన్ని అత్త ముద్దుగా నిమిరేది.

ఆ తర్వాత ఎంతమందిని కొట్టిందో ఆవిడకే తెలీదు. తూకంలో మోసం చేసినవాణ్ణి కొట్టింది. రొయ్యలు ఒలిచే ఆడపిల్లల నడుం గిల్లినవాణ్ణి కాలవలో ముంచి మరీ కొట్టింది. తాగొచ్చి వాగినందుకు సొంత తమ్ముడి చెయ్యి విరిచి, ఆ చేతికి కట్టు కట్టించి, భోజనం పెట్టి పంపింది. నన్నూ కొట్టింది. నేనూ ఊరుకునే రకం కాదు, చేతిలో ఉన్న గిన్నె విసిరాను. గిన్నె సొట్టపోయింది, ఆవిడ నుదురు మాత్రం చెక్కుచెదరలేదు. "పరవాలేదే, నువ్వు బతుకుతావు" అంది. ఆ రోజు నుంచి నేనంటే ఆవిడకి గురి.

"నన్ను కొట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు." రోజుకి ఒక్కసారైనా ఈ మాట మార్కెట్టు చెవిలో పడాల్సిందే.

ఒక్కడి మీద మాత్రం చెయ్యెత్తేది కాదు. కొడుకు మీద, అంటే మా ఆయన మీద. ఆయన అదే మార్కెట్లో ఐసు దిమ్మలు పగలగొడతాడు. చేతిలో అంత పెద్ద చెక్కసుత్తి ఉంటుంది గానీ మనిషి నోట్లో నాలుక లేనివాడు. చీమని తొక్కితే ఆగి క్షమించమనే బాపతు. పిడిగుద్దు కడుపున దూదిపింజ పుట్టిందని అందరూ ఏడిపించేవాళ్ళు. నాకైతే అదే గర్వంగా ఉండేది. కొడుకంటే అత్తకి ఎంత ప్రేమో అనుకునేదాన్ని. ఆయన కుడి కనుబొమని రెండుగా చీలుస్తూ ఒక పాత మచ్చ ఉంది. అదేమిటని పెళ్ళైన కొత్తలో అడిగితే, చిన్నప్పుడు ఐసుగది మెట్ల మీద జారిపడ్డానన్నాడు. నమ్మాను.

అత్త కుడి కన్ను తెల్లబడటం ముందు నేనే చూశాను. ఎడమ కంట్లోనూ వయసుతో పలచగా పొర వచ్చింది గానీ, కుడిది మాత్రం ఉడికిన చేప కన్నులా అయిపోయింది. అడిగితే "నీ కళ్ళు చూసుకోవే ముందు" అని కసిరింది. చివరికి ఓ పొద్దున కత్తి చేప తల మీద పడాల్సింది ఆవిడ ఎడమ బొటనవేలి మీద పడింది. గోరుతో సహా కొస లేచిపోయింది. ఆవిడ అరవలేదు. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో ఆ చేప కొయ్యడం పూర్తిచేసింది. కొనడానికొచ్చినావిడ మాత్రం కళ్ళు తిరిగి పడిపోయింది.

మా మార్కెట్లో ఒక కట్టుబాటు ఉంది. కోసేవాళ్ళ నెత్తురు మొద్దు మీద పడితే ఆ పూటకి కత్తి దించెయ్యాలి. మాటిమాటికీ పడుతుంటే మొద్దు ఇంకొకరికి పోతుంది. అత్త నెత్తురు పడటం అది మొదటిసారి కాదు. మార్కెట్టు మేస్త్రి దూరంగా నిలబడే చెప్పాడు, దగ్గరికి రావడానికి ధైర్యం చాలక.

"పెద్దమ్మా, కన్ను బాగుచేయించుకుని రా. లేదంటే మొద్దు వదులుకో. నేను చెయ్యగలిగింది ఇంతే."

పక్క మొద్దువాడు అది విని ఈల వేశాడు. వాడి దవడలు ఎప్పుడూ ఎర్రగా ఉబ్బి ఉంటాయి, అందుకే మొప్పలు అంటాం. గేటు పక్క మొద్దు మీద ఏనాటి నుంచో కన్నేసి ఉన్నాడు.

కంటి ఆసుపత్రికి ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది, ఓపిక మాత్రం నాకంటే ఎక్కువ. బల్ల మీద కన్ను బొమ్మ పెట్టి విడమరిచి చెప్పింది.

"శుక్లం తీసేసి దాని చోట చిన్న లెన్స్ పెడతాం పెద్దమ్మా. అందులో రకాలున్నాయి. ఒకటి ఒకే దూరానికి పనిచేస్తుంది. దూరానికి పెట్టించుకుంటే దగ్గరివి చూడ్డానికి కళ్ళజోడు కావాలి, దగ్గరికి పెట్టించుకుంటే దూరానికి కావాలి. ఇంకోటి వలయాల లెన్స్. దగ్గరా దూరమూ రెండూ కనబడతాయి. కాకపోతే దీపాల చుట్టూ సున్నాలు చుట్టినట్టు కనబడుతుంది, కొంతమందికి అది చిరాకు."

"ఇదేం బేరం తల్లీ!" అంది అత్త. "చేపలో ముల్లు కనబడాలంటే గేటు దగ్గర దొంగవెధవ కనబడకూడదా? నాకు రెండూ కావాలి. కళ్ళజోడు నా వల్ల కాదు. పొలుసులు ఎగిరి అద్దాలకి అతుక్కుంటాయి, వంగితే జారి చేప కడుపులో పడుతుంది. ఆ సున్నాల లెన్సే పెట్టు."

డాక్టరమ్మ నవ్వి, అత్త గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, సన్నటి వెలుగు కంట్లోకి కొట్టి చూసింది. పైకి చూడు, కిందికి చూడు అంది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఈ కంటికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా?"

"నన్ను కొట్టే మొనగాడు ఇంకా..."

"అది కాదమ్మా. కన్ను కదిలినప్పుడల్లా లోపలి కటకం వణుకుతోంది. దాన్ని చుట్టూ సన్నటి దారాలు పట్టుకుని ఉంటాయి. ఒక పక్క అవి తెగిపోయాయి. దెబ్బైనా తగిలి ఉండాలి, ఒంట్లో ఏదైనా జబ్బైనా ఉండాలి. జబ్బైతే రెండో కన్నూ, గుండే కూడా పరీక్ష చేయించి, అంతా తేలేదాకా ఆపరేషన్ ఆపాలి. దెబ్బైతే చెప్పండి. లోపల ఆసరాగా ఒక రింగు వేసి మామూలు లెన్స్ పెడతాను. వలయాల లెన్స్ మాత్రం కుదరదు. అది నట్టనడుమ కూర్చోవాలి, కాస్త జరిగినా చూపు చెదిరిపోతుంది. తెలీకుండా చెయ్యి పెడితే కటకం కంటి వెనక్కి జారిపడొచ్చు. కన్నే పోవచ్చు."

"దెబ్బా లేదు, ఏమీ లేదు" అంది అత్త. గొంతు ఎందుకో పీలగా వచ్చింది. వెంటనే కుర్చీ వెనక్కి తన్ని లేచింది. "సున్నాల లెన్స్ పెట్టే డాక్టరు నువ్వొక్కదానివే కాదు. ఇన్ని ప్రశ్నలు వెయ్యనివాడి దగ్గరికే పోతాను."

మా ఆయన తలుపు పక్కన నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళమ్మ కన్ను పోతుందని భయం కాబోలు అనుకున్నాను, పిచ్చిదాన్ని.

మర్నాడు మేం మార్కెట్టుకి వెళ్ళేసరికి గేటు పక్క మొద్దు మీద మొప్పలు గాడి కత్తి ఉంది. వాడు పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

"తియ్యి" అంది అత్త.

"ఎందుకు పెద్దమ్మా, ఇంకో వేలు కూడా కోసుకుంటావా? ఇంట్లో కూచో. గుడ్డిదానికి మొద్దెందుకు?"

అత్త ఏప్రన్ విప్పింది. గోడ వైపు తిరిగి కొక్కేనికి తగిలించబోయింది. కొక్కెం అక్కడ లేదు, జానెడు ఇవతల ఉంది. ఏప్రన్ జారి బురదనీళ్ళలో పడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ జరగనిది అది. ఎవరో కిసుక్కుమన్నారు.

అత్త గుద్దు విసిరింది. వాడు ఊరికే తల పక్కకి తిప్పాడు, అంతే. పిడికిలి వెళ్ళి ఇనప స్తంభానికి తగిలింది. ఎముక చిట్లిన చప్పుడు నాకు వినబడింది. వేళ్ళ కణుపుల మీద చర్మం ఊడి వేలాడుతోంది. మొప్పలు గాడు ఆవిడ ఛాతీ మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. పొలుసుల మీద కాలు జారి వెల్లకిలా పడింది. వాడు ఆగాడా? డొక్కలో తన్నాడు. ముసలిదాన్ని, పడిపోయినదాన్ని, బూటుకాలితో తన్నాడు, వాడి కాలు విరగ!

నా చేతికి గడ్డకట్టిన పెద్ద చేప దొరికింది. తోక పట్టుకుని వాడి వీపు మీద నా బలమంతా పెట్టి కొట్టాను. వాడు మోకాళ్ళ మీద కూలాడు. జుట్టు పట్టుకుని మొహాన్ని మొద్దుకేసి బాదాను. వాడు తిరిగి నా మెడ దొరకబుచ్చుకున్నాడు. కళ్ళు చీకట్లు కమ్ముతుంటే వాడి వెనకాల మా ఆయన కనబడ్డాడు. దూదిపింజ! రెండు చేతులతో చెక్కసుత్తి తల మీదికి ఎత్తి ఉన్నాడు. ఆ మొహం నాకు తెలిసిన మొహం కాదు.

కింద నుంచి అత్త గావుకేక పెట్టింది.

"ఒరేయ్, వద్దురా! మళ్ళీ ఆ సుత్తి ఎత్తకురా! నా కన్ను తీసింది చాలదా!"

ఆ గోలలో ఇంకెవరికి వినబడిందో తెలీదు. నాకు వినబడింది. ఆయన చేతుల్లోంచి సుత్తి జారి నేల మీద పడింది. మేస్త్రీ, ఇంకో నలుగురూ వచ్చి మొప్పలు గాణ్ణి లాక్కుపోయారు. వాడి ముక్కు పక్కకి తిరిగిపోయి ఉంది. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే తృప్తిగా ఉంటుంది.

ఆయన్ని ఐసుగదిలోకి ఈడ్చుకెళ్ళి తలుపేశాను.

"చెప్పు."

ఐసు దిమ్మ మీద కూలబడ్డాడు.

"ఇక్కడే" అన్నాడు. "మన పెళ్ళికి ముందు. అమ్మ చిన్నప్పటి నుంచీ చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది నన్ను. నువ్వొచ్చేసరికి మానేసింది కాబట్టి నీకు తెలీదు. ఆ రోజు మొప్పలు గాడి మొద్దుకి ఐసు పంపానని రబ్బరు గొట్టంతో కొడుతోంది. వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉన్నాను. చేతిలో సుత్తి ఉంది. తిప్పాను. చూసుకోలేదు."

"ఆవిడేమంది?"

"కణత పట్టుకుని కూర్చుంది. కన్ను నిండా నెత్తురు. తువ్వాలు తడిపి పెట్టుకుంది. లేచి, ఎవరైనా అడిగితే ఐసు డబ్బా నా మీద పడిందని చెప్పు అంది. తల్లిని కొట్టినవాడంటే నీకు పిల్లనెవరూ ఇవ్వరు అంది. ఆ రోజు నుంచి మళ్ళీ నన్ను ముట్టుకోలేదు."

నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలీక ఆయన చెంప మీదే ఒక్కటిచ్చాను. ఆ ఇంటి గాలి సోకింది నాకూ. తర్వాత ఆయన తల నా పొట్టకి అదుముకుని నేనే ఏడ్చాను.

"ఆవిడ ఇంకో డాక్టరు దగ్గర ఇదే అబద్ధం చెప్పి ఉన్న కన్ను పోగొట్టుకుంటుంది. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను" అన్నాడు.

చేతికి కట్టు కట్టించి, డాక్టరమ్మ సున్నాల లెన్సుకి ఒప్పుకుందని బొంకి, అత్తని మళ్ళీ ఆ గదిలోనే కూర్చోబెట్టాను. డాక్టరమ్మ నోరు విప్పేలోపే ఆయన ముందుకొచ్చాడు.

"దెబ్బే డాక్టరుగారూ. నేనే కొట్టాను. ఐసు కొట్టే సుత్తితో."

అత్త ఒక్క ఉదుటున లేచింది. ఆవిడ చెయ్యి లేచీ లేవకముందే ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం చెవిదాకా ఎత్తి ముడుచుకున్నాడు. చెట్టంత మనిషి, పసిపిల్లాడిలా. కట్టుకట్టిన చేత్తోనే ఫెడీమని కొట్టింది. "అబద్ధం! వీడికి ఈగని కొట్టడం కూడా రాదు!" ఇంకోటి కొట్టింది. కట్టులోంచి నెత్తురు ఊరి ఆయన చెంపకి అంటుకుంది. "మార్కెట్లో ఎవర్నైనా అడుగు! నన్ను కొట్టే మొనగాడు..."

"నేనే కొట్టానమ్మా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

డాక్టరమ్మ ఉలిక్కిపడలేదు, తిట్టలేదు. "ఏ వైపు నుంచి తగిలింది? అప్పుడు కంట్లో నెత్తురు నిండిందా?" అని అడిగింది. ఆయన చెబుతూ పోయాడు. కణత వైపు నుంచి. నిండింది. ఎన్నో రోజులు ఎర్రగానే ఉంది.

అత్త కుర్చీలో కూలబడింది. ఆవిడ అంత చిన్న మనిషని నాకు అప్పుడే తెలిసింది.

"ఎందుకు చెప్పావురా" అంది. "నన్నెవరూ కొట్టలేదని రోజూ గొంతు చించుకుని అరిచింది నా గొప్ప కోసమనుకున్నావా? ఎవడికీ నీ మీద అనుమానం రాకూడదనిరా, వెధవా."

డాక్టరమ్మే మెల్లిగా అందుకుంది. "మామూలు లెన్సే పెడదాం పెద్దమ్మా, లోపల రింగు ఆసరాతో. మొద్దు దగ్గర నిక్షేపంగా పని చేసుకోవచ్చు. ఏ దూరం బాగా కనబడాలో మాత్రం మీరే చెప్పాలి."

అత్త మొహం తుడుచుకుని కుడిచెయ్యి ముందుకి చాచింది.

"ఇంత. మొద్దు మీద చేప ఉండేది ఇంత దూరంలోనే. తన్నులు తినే వెధవలు నిలబడేదీ ఇంత దూరంలోనే."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. అత్తకీ వచ్చింది, ఏడుపు మధ్యలో.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడు పొద్దున కట్టు విప్పడానికి కూర్చోబెట్టారు. మా ఆయన ఎదురుగా నిలబడ్డాడు, చెయ్యి చాచినంత దూరంలో. డాక్టరమ్మ దూది తీసి, చుక్కల మందు వేసి, నెమ్మదిగా తెరవమంది. అత్త రెప్పలు కొట్టుకుంటూ చూసింది. ఎదురుగా ఉన్న మొహాన్ని చూసింది. నెమ్మదిగా చెయ్యెత్తింది. నిమరడానికే. ఆవిడ కళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, భుజం చెవిదాకా ఎత్తి ముడుచుకున్నాడు.

అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఈసారి ఆవిడ చూసింది. అంతా శుభ్రంగా, వెంట్రుక వెంట్రుకా కనబడే దూరంలో చూసింది. ఆయన కళ్ళు తెరిచేదాకా ఆ చెయ్యి కదల్లేదు. తర్వాత ఒక్క వేలితో కనుబొమ మీది మచ్చ తాకింది.

"ఇదేంట్రా? ఎవడు కొట్టాడు నిన్ను?" కోపంతో గొంతు పైకి లేచింది. "ఎవడో చెప్పు, వాడి చెయ్యి నరికేస్తాను!"

ఐసుగది మెట్లు అని చెప్పబోయి నేను ఆగాను. ఆయన నా వైపు చూశాడు. మళ్ళీ తల్లి వైపు తిరిగాడు.

"నువ్వేనమ్మా. తూకం రాయితో. నాకప్పటికి నాలుగేళ్ళేమో, గంపలో పట్టడం మానేసి ఎన్నాళ్ళో కాలేదు."

అత్తకి గుర్తులేదు. గుర్తుచేసుకోవాలని ఎంత చూసినా రావడం లేదని మొహంలో తెలుస్తోంది. రెండు కళ్ళల్లోంచీ నీళ్ళు ధారగా కారాయి. పిడికిళ్ళు బిగించి కళ్ళ మీదికి తీసుకుపోయింది.

"పెద్దమ్మా, వద్దు!" అంది డాక్టరమ్మ గాభరాగా. "ఏడిస్తే ఏం కాదు, నలపకూడదు!"

మా ఆయన వంగి ఆవిడ మణికట్లు రెండూ పట్టుకున్నాడు. మార్కెట్టుని హడలగొట్టిన ఆ చేతుల్ని ఒడిలోకి దించి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అత్త విడిపించుకోలేదు.